టెరిటోరియల్ ఆర్మీ యువ అధికారులు: పని మార్పు కోరే ముందు

సభకు నమస్కారం.

తూర్పు నౌకాదళ కమాండ్ కొలువున్న ఈ ఊళ్లో పచ్చ యూనిఫాం కంటే తెల్ల యూనిఫామే ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి విశాఖలో, సొంత ఉద్యోగం చేసుకుంటూనే సైన్యంలో సేవచేసే టెరిటోరియల్ ఆర్మీ గురించి వినడానికి ఇంతమంది రావడం నాకు సంతోషం కలిగించింది. మీలో ఉక్కు కర్మాగారం ఇంజనీర్లు, బ్యాంకు అధికారులు, రైల్వే ఉద్యోగులు, మధురవాడ ఐటీ కంపెనీల్లో పనిచేసేవారు ఉన్నారు. భుజం మీద రెండు నక్షత్రాలు వచ్చి రెండు మూడేళ్లయిన లెఫ్టినెంట్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: పదాతి బెటాలియన్‌లో చేరాను కానీ నా చదువు వేరు, అనుభవం వేరు, నాకు తగిన విభాగానికి మారడం ఎలా? నిర్వాహకులు నన్ను దాని గురించే మాట్లాడమన్నారు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. మారాలనుకునేవారిలో ఎక్కువమందికి నిజంగా కావలసింది విభాగం మార్పు కాదు, ఉన్నచోటే తమ నైపుణ్యానికి పని దొరకడం. మిగిలిన కొద్దిమందికి మార్పు సాధ్యమే, అయితే దాన్ని దరఖాస్తుతో మొదలుపెట్టకూడదు.

ఇందుకు కారణం ఈ సేన నిర్మాణంలోనే ఉంది. 1948 నాటి చట్టంతో ఏర్పడి, 1949 అక్టోబర్ 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి చేతుల మీదుగా ప్రారంభమైన ఈ సేనకు ప్రాతిపదిక, సొంత ఉద్యోగమో వృత్తో ఉన్న పౌరుడు ఏడాదిలో కొంత కాలం సైనికుడిగా ఉండడం. 18 నుంచి 42 ఏళ్ల వయసున్న పట్టభద్రులు అధికారి పదవికి పోటీ పడవచ్చు కనుక, నలభై ఏళ్ల చీఫ్ మేనేజర్ కూడా ఇక్కడ లెఫ్టినెంటే. ఆఫీసులో పదిమంది ఆయన సంతకం కోసం ఎదురుచూస్తుంటారు. శిబిరంలో ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నవాడైన కెప్టెన్ ఆయనకు ఆదేశాలిస్తాడు. మార్పు కోరికల్లో సగం ఈ ఇబ్బందిలోంచే పుడతాయని నా అనుమానం. ఆ ఇబ్బంది ఏ విభాగానికి వెళ్లినా వెంటే వస్తుంది.

ఇక మారడానికి చోట్లు ఏమున్నాయో చూద్దాం. రైల్వే, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలకు అనుబంధంగా ఉండే శాఖాపరమైన యూనిట్లు ఆయా సంస్థల ఉద్యోగుల కోసం ఏర్పడినవి. బ్యాంకులో పనిచేసే లెఫ్టినెంటుకు అక్కడ దారి లేదు. పర్యావరణ బెటాలియన్లు మరో రకం. మొదటిది 1982లో గఢ్వాల్ రైఫిల్స్ అనుబంధంగా ఏర్పడి, సున్నపురాయి గనులు గుల్ల చేసిన ముస్సోరీ కొండల మీద మళ్లీ అడవిని పెంచింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ ఒక్క రోజులో ఈ నగరపు చెట్లను ఎలా కూల్చిందో చూసినవారికి ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. కానీ అక్కడ సైనికుల్లో ఎక్కువమంది మాజీ సైనికులు. వాళ్ల ముందు నిలబడే యువ అధికారికి వృక్షశాస్త్రం కంటే ముందు మనుషులను నడిపించడం తెలిసి ఉండాలి.

సైబర్ రంగం, భాషలు అందరికీ ఆకర్షణీయంగా కనిపించే మూడో దారి. మాండరిన్ భాష తెలిసిన ఐదుగురిని టెరిటోరియల్ ఆర్మీలోకి తీసుకున్న వార్త వచ్చినప్పటి నుంచి ఐటీ ఉద్యోగులైన లెఫ్టినెంట్లలో ఆశ పెరిగింది. ఆ వార్తను జాగ్రత్తగా చదవండి. అవసరాన్ని ముందు సైన్యం గుర్తించి, ఆ భాషలో ప్రావీణ్యాన్ని విడిగా పరీక్షించి, బయటి నుంచి ఎంపిక చేసింది. ఆసక్తి ఉందని రాసుకున్నవారికి ఆ స్థానాలు దక్కలేదు.

ప్రత్యేక విభాగాలు శాశ్వతం కావన్న సంగతిని రైల్వే యూనిట్ల చరిత్ర చెబుతుంది. యుద్ధ సమయంలోనూ అత్యవసర పరిస్థితుల్లోనూ రైళ్లు ఆగకుండా చూడడానికి ఏర్పడిన ఆరు రైల్వే రెజిమెంట్లలో జమాల్‌పూర్‌ది ఒక్కటి ఉంచి, సికింద్రాబాద్‌తో సహా మిగిలిన ఐదింటిని రద్దు చేయాలని కొన్నేళ్ల క్రితం నిర్ణయం జరిగింది. వాటి ఆపరేషనల్ అవసరం మీద జరిగిన అధ్యయనం దానికి ఆధారం. ఎన్నో ఏళ్లుగా ఇంజిన్లు నడపడంలోనూ పట్టాలు సరిచేయడంలోనూ శిక్షణ పొందిన మనుషుల నైపుణ్యం తగ్గలేదు, అవసరమే మారిపోయింది. మరోవైపు 2025 మేలో, సైన్యాధ్యక్షుడు టెరిటోరియల్ ఆర్మీని పిలిపించుకోవడానికి కేంద్రం అధికారమిచ్చినప్పుడు ఆ ఉత్తర్వు పేర్కొన్నది 32 పదాతి బెటాలియన్లలో 14ను. అంటే మీరు వదిలి వెళ్లాలనుకుంటున్న విభాగం కోసమే దేశం ముందుగా కబురు పెట్టింది.

జీవితకాలపు లెక్క కూడా ఒకటుంది, దాన్ని యువ అధికారులు తరచూ వేసుకోరు. అధికారికి పింఛను రావాలంటే వాస్తవంగా విధుల్లో ఉన్న కాలం మొత్తం ఇరవై ఏళ్లు ఉండాలి. ఏడాదికి రెండు నెలల తప్పనిసరి శిక్షణనే నమ్ముకుంటే ఆ ఇరవై ఏళ్లు నిండడానికి నూట ఇరవై ఏళ్లు పడుతుంది! కాబట్టి కొత్త స్థానం పేరు ఎంత గొప్పగా వినిపించినా, అది ఏడాదికి ఎన్ని నెలల విధి ఇస్తుందో ముందు కనుక్కోండి. ఏటా రెండు నెలలే చాలునని, సివిల్ ఉద్యోగమే ప్రధానమని అనుకునేవారికి ఇది పట్టింపు లేని విషయం. అలా అనుకోవడంలో తప్పూ లేదు. కానీ ఏది కావాలో తేల్చుకోకుండా మార్పు కోరితే రెండువైపులా నష్టపోతారు.

అమెరికాలో బంధువులున్న కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి కనుక అక్కడి ఆర్మీ రిజర్వు మాట కూడా వస్తుంటుంది. నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు అన్నది వారి సాధారణ పద్ధతి. అక్కడ బ్రాంచి, అంటే విభాగం, మార్పు గుర్తింపు ఉన్న ప్రక్రియే. నిజానికి పదాతి అధికారి ఆర్మీ రిజర్వులోకి వస్తే మారక తప్పని పరిస్థితి కూడా ఉంది. అక్కడి పార్ట్‌టైమ్ సేనల్లో పోరాట విభాగాలు ఎక్కువగా నేషనల్ గార్డు అనే మరో సేనలో ఉంటాయి, ఆర్మీ రిజర్వులో మిగిలిన పదాతి బెటాలియన్ హవాయి కేంద్రంగా ఉన్న 442వ రెజిమెంట్‌కు చెందిన 100వ బెటాలియన్ ఒక్కటే. అయినా తన ఇంటికి అందుబాటులో ఉన్న యూనిట్‌లో ఖాళీని వెతుక్కునే భారం చాలావరకు అధికారిదే, కొత్త బ్రాంచికి చెందిన కోర్సు పూర్తిచేస్తేనే అర్హత. అంత పెద్ద వ్యవస్థలో కూడా ఖాళీ, అర్హత అన్న రెండూ చేతిలో ఉన్నాకే కాగితం కదులుతుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. తొలి రెండేళ్లలో డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో మూడు నెలల శిక్షణ పూర్తిచేయాలి. అది ముగిసేవరకు మార్పు మాట ఎత్తకండి. సివిల్ ఉద్యోగంలో సెలవు దొరకలేదని దాన్ని వాయిదా వేసుకుంటూ, అదే సమయంలో ప్రత్యేక విభాగం అడిగే అధికారిని ఏ కమాండింగ్ ఆఫీసరూ సీరియస్‌గా తీసుకోడు. ఆయన మిమ్మల్ని చూసేది ఏడాదికి రెండు నెలలు. మీ వార్షిక రహస్య నివేదికకు ఆధారం ఆ కొద్ది వారాలే. మొదటి శిబిరంలోనే వెళ్లిపోతానన్నవాడికి కంపెనీ బాధ్యత ఇవ్వడానికి ఆయనకు మనసొప్పదు, ఆ బాధ్యత లేకపోతే నివేదికలో రాయడానికీ ఏమీ ఉండదు.

ఆ తర్వాతి శిబిరాల్లో మీ నైపుణ్యాన్ని బెటాలియన్‌కే ఉపయోగపడేలా చూపండి. నెట్‌వర్క్ ఇంజనీరైతే బెటాలియన్ కంప్యూటర్ల భద్రత ఎక్కడ బలహీనంగా ఉందో అనుమతి తీసుకుని పరిశీలించి, కమాండింగ్ ఆఫీసర్‌కు పాలనా వ్యవహారాల్లో సాయపడే అడ్జుటెంటుకు రెండు పేజీల నివేదిక ఇవ్వవచ్చు. సివిల్ ఇంజనీరైతే శిబిరం మురుగునీటి కాలువలే మొదటి పరీక్ష. ఇలాంటి పనికి పతకాలు రావు, కానీ రేపు మీ దరఖాస్తు మీద సిఫారసు రాసే అధికారికి చేతిలో ఒక నిదర్శనం ఉంటుంది. ఈ దశలోనే కొందరికి మారాల్సిన అవసరం కనిపించకుండా పోతుంది. కోరుకున్న పని ఉన్నచోటే దొరికింది గనుక.

అప్పటికీ మారాలనే ఉంటే, మేజర్ కాకముందే ప్రయత్నించండి. లెఫ్టినెంట్ కల్నల్ వరకు పదోన్నతులు షరతులకు లోబడి కాలపరిమితి ప్రకారం వస్తాయి, ఆపైన ఎంపిక మీదే. హోదా పెరిగిన తర్వాత కొత్తచోట మొదటి పాఠం నుంచి నేర్చుకోవడం మీకూ కష్టం, మిమ్మల్ని తీసుకునే యూనిట్‌కూ కష్టం.

దరఖాస్తు ఎప్పుడూ కమాండింగ్ ఆఫీసర్ ద్వారానే వెళ్లాలి. ఢిల్లీలో తెలిసినవారితో ఫోన్ చేయించే అలవాటు సివిల్ ఆఫీసుల నుంచి వెంట తెచ్చుకోకండి. అందులో మీ కోరిక గురించి ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా ఏ యూనిట్‌లో ఏ ఖాళీ ఉంది, దానికి మీ దగ్గర ఉన్న ధ్రువపత్రాలు, అనుభవం ఏమిటి, మీరు వెళ్తే ప్రస్తుత కంపెనీని ఎవరు చూసుకుంటారు అన్న విషయాలకు కేటాయించండి. ఈ చివరి ప్రశ్నకు జవాబు రాసే దరఖాస్తులు చాలా అరుదు. కమాండింగ్ ఆఫీసర్ ముందుగా వెతికేది మాత్రం దాన్నే.

దరఖాస్తు కంటే ముందు మీ యజమాని దగ్గరికి వెళ్లండి. సైనిక విధికి పిలుపు వచ్చి వెళ్లిన ఉద్యోగిని తిరిగి చేర్చుకోవాలని టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోని 7ఏ సెక్షన్ చెబుతుంది. పై అధికారి మొహం చిట్లించకుండా ఆపే సెక్షన్ మాత్రం అందులో లేదు. కొత్త స్థానంలో విధి కాలం పెరిగేలా ఉంటే, ఏ నెలల్లో మీరు ఉండరో, మీ పని ఎవరికి అప్పగిస్తారో రాతపూర్వకంగా ఇచ్చి, రాతపూర్వకంగానే సమ్మతి తీసుకోండి. మార్చి నెలాఖరులో బ్యాంకు అధికారి, బ్లాస్ట్ ఫర్నేస్ మరమ్మతుల వేళ ఉక్కు ఇంజనీరు లేకపోతే జరిగే ఇబ్బంది మీకే బాగా తెలుసు. వచ్చే ఏడాది శిబిరం తేదీలు అందిన వారంలోనే ఆ సంభాషణ పూర్తిచేసి, సమ్మతి పత్రం ప్రతిని దరఖాస్తుకు జతచేయండి.