ఆఫీసు స్క్రీన్ మాటిమాటికీ నల్లబడుతోందా? రీస్టార్ట్ చేసే ముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం. రిసెప్షన్‌లో, మీటింగ్ రూమ్ బయట, కారిడార్లలో పెట్టే డిజిటల్ స్క్రీన్లు ఉంటాయి కదా, అవి ఉన్నట్టుండి నల్లబడిపోతాయి, లేకపోతే నిన్నటి నోటీసు దగ్గరే ఆగిపోతాయి, లేకపోతే ఇదిగో, ఇలా 'నో సిగ్నల్' అంటాయి. ఇవాళ ఈ వీడియోలో వీటి పని చూద్దాం. మొదట ఒక్క మాట. దయచేసి వెంటనే ప్లగ్ పీకి పెట్టకండి. పీకితే స్క్రీన్ వస్తుంది, నిజమే, కానీ ఎందుకు పోయిందో చెప్పే ఆధారాలన్నీ దాంతోపాటే పోతాయి. రేపు మళ్లీ ఇదే కథ.

సరే, రిమోట్ తీసుకుని మెనూ నొక్కండి. మెనూ వచ్చిందా? వచ్చింది. అంటే ప్యానెల్ బాగానే ఉంది. ఇన్‌పుట్ సరైనదే ఉందా, హెచ్‌డీఎంఐ 1 ఆ, 2 ఆ... ఉంది. కేబుల్ మార్చి చూడండి, అంతే. కేబుల్ పొడుగ్గా ఉండి 4కే పంపిస్తుంటే ఒకసారి 1080పీకి దించండి. దించగానే నిలకడగా వచ్చిందంటే గొడవ చాలావరకు కేబుల్‌దే.

ఇప్పుడు ప్లేయర్, అంటే స్క్రీన్‌కి బొమ్మ పంపే పెట్టె. నా దగ్గర ఉన్నది రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, దీన్నే 'పై' అంటాను. కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. టీవీ వెనకున్న యూఎస్‌బీలో పెట్టారు! ఇది చాలా చోట్ల చేస్తారు, వైరు కనపడకుండా నీట్‌గా ఉంటుందని. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 0.5 ఆంపియర్. దీనికి కావాల్సిన అడాప్టర్ 3 ఆంపియర్లది. కరెంటు సరిపోయిందో లేదో చెప్పే ఈ కమాండ్, స్క్రీన్ మీద ఉంది చూడండి, ప్లేయర్‌లో కొట్టండి. సున్నా వస్తే మంచిదే. ఇక్కడ 0ఎక్స్50000 అని వచ్చింది, చూశారా? పై ఆన్ అయిన తర్వాత ఎప్పుడో వోల్టేజీ పడిపోయింది, వేగం కూడా తగ్గించుకుంది అని దానర్థం. రీస్టార్ట్ చేస్తే ఈ అంకె చెరిగిపోతుంది. అందుకే మొదట్లో అంత గట్టిగా చెప్పాను. లాగ్‌లూ, అంటే ఏం జరిగిందో ప్లేయర్ రాసుకునే ఫైళ్లూ అంతే, ఎస్‌డీ కార్డు అరగకూడదని చాలా మంది వాటిని ర్యామ్‌లోనే ఉంచుతారు.

   

ఇక అసలు చోటుకి వచ్చాం. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే, కాబట్టి నెమ్మదిగా చెప్తాను. కరెంటు పోయి వచ్చింది. ప్లేయర్ నడుస్తోంది, పింగ్‌కి, అంటే 'ఉన్నావా' అని నెట్‌వర్క్‌లో అడిగితే జవాబిస్తోంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే మన కంప్యూటర్ నుంచే దాని లోపలికి కూడా వెళ్లగలుగుతున్నాం. స్క్రీన్ మీద మాత్రం 'నో సిగ్నల్'. కేబుల్ కొత్తదే. మరి ఏమైంది?

హెచ్‌డీఎంఐలో 19వ పిన్ ఉంటుంది, హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. 'నేనిక్కడ ఉన్నాను' అని టీవీ చెప్పేది ఆ పిన్ ద్వారానే. తర్వాత ప్లేయర్ టీవీలోంచి ఈడిడ్ అనే చిన్న సమాచారం చదువుకుంటుంది, ఏ రిజల్యూషన్లు చూపించగలదో అందులో ఉంటుంది. కరెంటు రాగానే పై ముందు లేచింది. టీవీ ఇంకా స్టాండ్‌బైలోనే ఉంది. కొన్ని టీవీలు ఆ స్థితిలో ఆ పిన్ మీద ఏమీ చెప్పవు. దాంతో పై 'స్క్రీన్ లేదు' అనుకుని బొమ్మ పంపడమే మానేసింది. ఈ స్టేటస్ ఫైల్ చూడండి... 'డిస్‌కనెక్టెడ్'. కేబుల్ పెట్టే ఉంది, అయినా డిస్‌కనెక్టెడ్! ఇది కనిపిస్తే మీకు జవాబు దొరికినట్టే.

బాగుచేద్దాం. పై ఆన్ అయ్యేటప్పుడు చదువుకునే సీఎండీలైన్ అనే సెట్టింగుల ఫైల్ తెరిచి, చివర్లో ఇది కలుపుతున్నాను. రిజల్యూషన్ 1920 బై 1080, 60 హెర్ట్జ్, ఆ తర్వాత డి అనే అక్షరం. ఆ డి మర్చిపోకండి, స్క్రీన్ కనపడకపోయినా పంపు అని చెప్పేది అదే. ఇంకొకటి, ఈ ఫైల్లో అంతా ఒకే లైనులో ఉండాలి. ఎంటర్ కొట్టకండి. ఒక స్పేస్ ఇచ్చి పక్కనే రాయండి. మళ్లీ చెప్తున్నాను, ఒకే లైను. పాత ఓఎస్ అయితే ఇది పనిచేయదు, దానికి కాన్ఫిగ్ ఫైల్లో హాట్‌ప్లగ్ లైను వేరే ఉంది, అదీ చూపిస్తున్నాను.

ఇప్పుడు పరీక్ష. టీవీ ఆపేసి, ముందు పై మాత్రమే ఆన్ చేసి, కాసేపాగి టీవీ వేయండి. వచ్చింది! ఈ వరుసలో వస్తేనే బాగైనట్టు. రెండూ ఆన్‌లో ఉంచి చూస్తే ఏమీ తేలదు.

పాత నోటీసు దగ్గర ఆగిపోయిన స్క్రీన్ అయితే నెట్‌వర్క్ చూడండి. వీలైతే ల్యాన్ కేబులే వేయండి, వైఫై కంటే నాకు దాని మీదే నమ్మకం. పింగ్ బాగానే ఉన్నా కంటెంట్ రావట్లేదా? తేదీ చూడండి. పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు, సమయం నెట్‌వర్క్ నుంచే తెచ్చుకోవాలి. ఆ సమయం వచ్చే దారి యూడీపీ 123 పోర్టు, ఆఫీసు ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తే తేదీ వెనకబడిపోతుంది, సైటు అసలైనదేనని చూపే సర్టిఫికెట్లు చెల్లవంటుంది, పేజీ తెరుచుకోదు. నెట్‌వర్క్ టీమ్‌ని అడిగేటప్పుడు 'నెట్ రావట్లేదు' అనకండి, ఈ పోర్టు నంబరే చెప్పండి, పని త్వరగా అవుతుంది.

కమాండ్లన్నీ వీడియో కింద పెట్టాను. టైప్ చేయకుండా అక్కడి నుంచే కాపీ చేసుకోండి, ముఖ్యంగా ఆ సీఎండీలైన్‌ది.