ముఖంలో సెగలు, ఎరుపు: ఎం.ఎస్. ఉన్నవాళ్లకు డాక్టర్ జవాబులు (ఫోన్-ఇన్ కార్యక్రమం, వరంగల్)

యాంకర్: నమస్కారం. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎం.ఎస్., మెదడు, వెన్నుపాము నరాల మీది పొర పాడయ్యే జబ్బు. అది ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి ముఖం ఎర్రబడి సెగలు వస్తుంటయి. దాని మీద మాట్లాడడానికి న్యూరాలజిస్టు గారు వచ్చిన్రు. మొదటి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. నాకు నాలుగేండ్ల కింద ఎం.ఎస్. అని చెప్పిన్రు. ఫస్టు ఎడమ కన్ను మసకైంది, చత్వారం అనుకున్నం. అద్దాలు మార్చినం. తర్వాత కాలు తిమ్మిరి, అప్పుడు హైదరాబాదు పోయి స్కాన్ తీపిచ్చినం...

డాక్టర్: ముఖం సంగతి చెప్పమ్మా.

కాలర్: అదే సార్. రెండు నెలల సంది పొద్దుగాల పది అయితే సాలు, చెవులు, మొఖం, మెడ మండుతయి. దురద గూడ. మా అత్తమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగిస్తాంది. తగ్గుతలేదు. రోగం మల్ల తిరగవెడుతుందా సార్? మందు ఆపాల్నా?

డాక్టర్: ఆగమ్మా. నాకు ఎరుపు ఎంతుందో కాదు, టైమ్ కావాలె. ఏ మందు వాడుతున్నరు?

కాలర్: డైమిథైల్ ఫ్యూమరేట్ సార్, ఎం.ఎస్. కిచ్చే క్యాప్సూల్. 240 మిల్లీగ్రాములు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

డాక్టర్: మొదటి వారం తక్కువ డోసు, 120 వేసుకున్నరా?

కాలర్: లేదు సార్, షాపుల 120 దొరకలే. సీదా 240 ఏసుకున్న.

డాక్టర్: పొద్దున ఎన్నింటికి?

కాలర్: తొమ్మిదిన్నరకు. పిల్లలు బడికి పోయినంక, చాయ్ తాగి.

డాక్టర్: టిఫిన్?

కాలర్: పని ఒడిసినంక సార్. పదకొండు, పదకొండున్నర.

డాక్టర్: తొమ్మిదిన్నరకు గోలీ, పదింటికి మంట. దొరికింది చూడండి. ఈ మందు ఒంట్లోకి పోగానే చర్మంలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదుల్తయి. దాంతోటి చర్మం కింది రక్తనాళాలు వెడల్పయితయి. అరగంటలో మొదలై, గంట గంటన్నరలో దిగిపోతది. ఈ మందు వాడే పది మందిలో దాదాపు నలుగురికి వస్తది. మొదటి నెల ఎక్కువ, తర్వాత మెల్లగ తగ్గుతది. ఇది రోగం తిరగబెట్టడం కాదు. మీకు రెండు నెలలైనా తగ్గకపోవడానికి ఖాళీ కడుపే కారణమై ఉంటది. చాయ్ తిండి కిందికి రాదమ్మా.

కాలర్: మరేం జేయాలె సార్?

డాక్టర్: కడుపునిండ టిఫిన్ తినుకుంట మధ్యల వేసుకోవాలె. ఇడ్లీ అయితే పల్లీల చట్నీ మంచిగ వేసుకోండి, లేకుంటే ఉడికిన గుడ్డు, పెరుగు. కొంచెం కొవ్వు, ప్రొటీన్ ఉండాలె. రాత్రి అన్నంతోటి అట్లనే. క్యాప్సూల్ విప్పి పొడి చేసి వేసుకోవద్దు, లోపలి గింజలకు పూత ఉంటది. ఆ గంటసేపు వేడి నీళ్ల స్నానం, పొయ్యి కాడ నిలబడుడు, మిర్చి కూర పక్కకు పెట్టండి.

కాలర్: ఎవరో ఆస్పిరిన్ వేసుకొమ్మన్నరు సార్.

డాక్టర్: అది పనిచేస్తది, కానీ మీ న్యూరాలజిస్టును అడిగినంకనే. క్యాప్సూల్ కంటే అరగంట ముందు, 325 మిల్లీగ్రాములు మించకుండ, కొన్నాళ్లే. మన దగ్గర గుండెకు వాడే 75 గోలీకి పూత ఉంటది, మెల్లగ కరుగుతది. దీనికి పూత లేనిదే కావాలె. కడుపుల పుండు, ఆస్తమా, రక్తం పలచబడే మందులు ఉంటే వద్దు. వానకాలం జ్వరం వస్తే అసలే ముట్టొద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం అవుతది. ఇది గట్టిగ చెప్తున్న.

కాలర్: అయితే రాత్రిదన్న ఆపనా సార్?

డాక్టర్: అమ్మా, ఏదీ ఆపొద్దు. మీ అంతట మీరు ఆపితే నిజంగనే రోగం తిరగబెట్టొచ్చు. రెండు వారాలు పుస్తకంల రాయండి: గోలీ టైమ్, తిన్నది, మంట మొదలైన టైమ్, తగ్గిన టైమ్. అది పట్టుకొని పోయి మీ డాక్టరుకు చూపెట్టండి, కొన్నాళ్లు డోసు తగ్గించి మళ్ల పెంచుడు ఆయన చూస్తడు. దద్దుర్లు లేచినా, పెదవి, నాలుక వాచినా, దమ్ము పట్టినా అది వేరే, వెంటనే ఆసుపత్రికి పోవాలె. రక్తపరీక్ష చేయించిన్రా?

కాలర్: మందు మొదలు పెట్టేముందు ఒకసారి సార్.

డాక్టర్: ఆరో నెలల సి.బి.సి., అంటే రక్తకణాల లెక్క పరీక్ష, మర్చిపోవద్దు. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు 500 కంటే తక్కువ ఆరు నెలలు దాటి ఉంటే మెదడుకు అరుదైన ఇన్‌ఫెక్షన్ ప్రమాదం, అప్పుడు మందు మార్చాల్సి రావచ్చు. మంట కంటే నాకు ఈ లెక్క మీదనే భయం ఎక్కువ.

యాంకర్: థాంక్యూ అమ్మా. జనగామ నుంచి.

కాలర్: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు సార్...

యాంకర్: అది వేరే రోజు తీసుకుందాం అన్నా. కరీంనగర్.

కాలర్: సార్, మా నాయినకు పదిహేనేండ్ల ఎం.ఎస్. నడువడు, మూత్రం పైపు ఉంది. అప్పుడప్పుడు మొఖం ఎర్రగై, తలకాయ పలిగిపోయినట్టు నొప్పి, నెత్తి మీద చెమట. బీపీ 170 చూపెట్టింది.

డాక్టర్: మామూలుగ ఎంతుంటది?

కాలర్: 110, 115.

డాక్టర్: ఇది జాగ్రత్తగ వినండి. వెన్నుపాములో ఛాతీ మధ్యకు పైన దెబ్బ ఉన్నవాళ్లకు మూత్రాశయం నిండినా, మలం గట్టిపడినా బీపీ అమాంతం లేస్తది. ఎం.ఎస్.లో అరుదు, కానీ ప్రాణాపాయం. వచ్చిన వెంటనే కూర్చోబెట్టండి, పండబెట్టొద్దు. లుంగీ ముడి, బనీను వదులు చేయండి. పైపు మడత పడ్డదా, బ్యాగు నిండిందా చూడండి. అయిదు నిమిషాలకోసారి బీపీ చూడండి. పైపుల మూత్రం రాకపోయినా, బీపీ దిగకపోయినా 108. ఇప్పుడు ఎట్లున్నడు?

కాలర్: ఇప్పుడు మంచిగనే ఉన్నడు సార్.

డాక్టర్: రేపే పైపు మార్పించండి, ఈ మాట డాక్టరుకు చెప్పండి. ఆలస్యం చేయొద్దు బిడ్డా.

యాంకర్: భూపాలపల్లి.

కాలర్: ఎండల తిరిగొస్తే మొఖం ఎర్రబడ్తది, కన్ను గూడ మసకైతది సార్.

డాక్టర్: 1890లోనే ఉథాఫ్ అనే జర్మన్ డాక్టరు రాసిన లక్షణం ఇది. పొర పాడైన నరంలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం ఆగిపోతది. చల్లబడితే తిరిగొస్తది. తడి తువ్వాల మెడ మీద వేసుకోండి, బయటి పని పదింటి లోపల చేసుకోండి. కూలర్ పెడితే కిటికీ తెరవాలె, మూసిన గదిలో తేమ పెరిగి చెమట ఆరదు. చల్లబడినా చూపు ఒక రోజు దాటి అట్లనే ఉంటే ఫోన్ చేయండి. జ్వరం ఉంటే, మూత్రంల ఇన్‌ఫెక్షన్ ఉందేమో మూత్రపరీక్ష చేయించండి.

యాంకర్: మంచిర్యాల. తొందరగ చెప్పండి.

కాలర్: ఎం.ఎస్. కు వాడే గ్లాటిరామర్ ఇంజక్షన్ వేసుకున్న రెండు నిమిషాలకు మొఖం ఎర్రగై ఛాతీ బిగవట్టింది. ఇరవై నిమిషాలకు పోయింది.

డాక్టర్: ఆ మందుతోటి వచ్చే రియాక్షనే అయి ఉంటది, సాధారణంగ దానంతటదే పోతది. కానీ డాక్టరుకు చెప్పకుండ తర్వాతి సూది వేసుకోవద్దు. ఎప్పుడన్న ఎక్కువైతే, దమ్ము ఆడకపోతే 108.

కాలర్: నెలకోసారి...

యాంకర్: లైన్ కట్ అయింది. హనుమకొండ నుంచి చివరి కాల్.

కాలర్: మా చెల్లెకు మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కించిన్రు, మొఖం టమాట లెక్కైంది.

డాక్టర్: మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఒక్కో గ్రాము కదా? ఒకటి రెండు రోజులల్ల తగ్గుతది. షుగర్, బీపీ చూపించండి, నిద్ర పట్టకపోతే చెప్పండి. చామనఛాయ వాళ్లకు ఎరుపు అంతగ కనబడకపోవచ్చు, చెవి తమ్మె మీద మీ చెయ్యి వెనుక భాగం ఆనించి వేడి చూడండి. టైమ్ రాసిపెట్టండి.

యాంకర్: డాక్టర్ గారికి ధన్యవాదాలు.