ఐఎల్-6 రిపోర్టుల ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

[దృశ్యం: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్. చేతుల మడతపెట్టిన ల్యాబ్ రిపోర్టు.]

నమస్తే. మా మేనత్తది దేవరకొండ దిక్కు. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, గంటసేపు బిగుసుకుపోయి ఉంటయి. మొన్న ఏదో ప్యాకేజీల కలిసొచ్చిన ఐఎల్-6 పరీక్ష చేయించుకొని వచ్చింది. "ఇరవై మూడు అని రాసిండ్రు, ఏందిరా ఈ ఇరవై మూడు?" అన్నది.

ఒంట్ల ఎక్కడన్న వాపు, మంట మొదలైతే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటయి. ఆ కబుర్లే సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్-6, అంటే ఐఎల్-6, అట్లాంటిదే. ఒంట్ల మంట ఉన్నదని చూపించే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను కాలేయం ఎక్కువ తయారుచేసేది ముఖ్యంగా దీని కబురుతోనే.

[దృశ్యం: నిండుకుండ లెక్క నాగార్జునసాగర్.]

సాగర్ నిండితే 590 అడుగులు, 312 టీఎంసీలు. అంత నీళ్లల్ల 50 కిలోల ఉప్పు బస్తా ఒక్కటంటే ఒక్కటి కలపండి. ఇప్పుడు ఒక్క మిల్లీలీటర్ తీస్తే అందుల ఉప్పు ఐదారు పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాముల లక్ష కోట్ల వంతు). ఆరోగ్యంగ ఉన్నోళ్ల రక్తంల ఐఎల్-6 మామూలుగ అంతే, చాలామందిల ఇంకా తక్కువ. అత్త ఇరవై మూడు కూడ ఈ లెక్కలనే, మిల్లీలీటర్‌కు ఇన్ని పికోగ్రాములని. ఇంత తక్కువున్నదాన్నెట్ల పట్టుకుంటరు?

[దృశ్యం: ఊరి కబడ్డీ కోర్టు. తర్వాత 96 గుంటల ప్లేటు.]

కూతకొచ్చినోన్ని ఒకడు కాలు పడతడు, ఇంకొకడు నడుం పడతడు. ఐఎల్-6ని కొలిచే శాండ్‌విచ్ ఎలైజా అనే పరీక్ష కూడ అదే ఆట. గుంట అడుగున ముందే ఒక యాంటీబాడీ, అంటే ఐఎల్-6ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్, అతికించి ఉంటది. సీరం (రక్తం గడ్డకట్టినంక వేరయ్యే నీరు) పోస్తే ఆ యాంటీబాడీ ఐఎల్-6ని పట్టుకుంటది. కడిగి రెండో యాంటీబాడీ పోస్తరు, అది ఐఎల్-6ని ఇంకో చోట పట్టుకుంటది. దానికి తగిలించిన ఎంజైమ్ రంగు పుట్టిస్తది: ముందు నీలం, ఆమ్లం వేయంగనే పసుపు. 450 నానోమీటర్ల కాంతిల ఆ పసుపు ఎంత చిక్కగుందో మెషిన్ చూస్తది. పక్క గుంటలల్ల తెలిసిన మోతాదులు పోసి గీసిన గీతతోని పోల్చి అంకె చెప్తది.

ఎలైజా పద్ధతిని 1971ల స్టాక్‌హోమ్‌ల ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మాన్ ప్రచురించిండ్రు. అంతకుముందు ఇట్లాంటి పదార్థాలను రేడియోధార్మిక పదార్థంతోని కొలిచేటోళ్లు. ఇప్పుడు పెద్ద ల్యాబులల్ల రంగుకు బదులు వెలుగును కొలిచే మెషిన్లున్నయి, పట్టు మాత్రం అదే.

ఈ పరీక్షల కష్టమైన పని గుంటలు కడగడం. నవ్వకండి. అంటుకోని ఎంజైమ్ గుంటల మిగిలిపోతే, ఐఎల్-6 లేకున్నా రంగొస్తది.

[దృశ్యం: మే నెల ఎండ. బండి డిక్కీల శాంపిల్ డబ్బా.]

నన్నడిగితే అసలు గడబిడ మెషిన్ దగ్గర కాదు, దారిల అయితది. ట్యూబుల ఉన్న తెల్ల కణాలు ఇంకా బతికే ఉంటయి. రక్తం తీసి, అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి సీరం వేరు చెయ్యాలె. చెయ్యకుండ గంటలు గంటలు బయట పెడితే ఆ కణాలు ట్యూబులనే ఐఎల్-6 విడుదల చెయ్యొచ్చు. అంటే మనిషి ఒంట్ల లేని మంట ట్యూబుల పుడ్తది! అత్త పొద్దున రక్తమిచ్చింది. ఆ ట్యూబు సాయంత్రం బండిల హైదరాబాద్ పోయింది. నడుమ తిప్పిండ్రా అంటే, రిపోర్టుల ఆ ముచ్చటే లేదు.

ఇంకొకటి. కీళ్లవాతం ఉన్నోళ్లల్ల చాలామందికి రక్తంల రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ఒక తీరు యాంటీబాడీ ఉంటది. కూతకొచ్చినోడే లేకున్నా అది పరీక్షల ఆ రెండు యాంటీబాడీలను ఒకదానికొకటి ముడెయ్యొచ్చు. పాయింట్ వచ్చేస్తది, మనిషి మాత్రం దొరకలేదు! దీన్ని అడ్డుకునే ద్రావణాలు మంచి కిట్లల్ల కలిపే ఉంటరు.

కిట్టు మారితే అంకె కూడ మారొచ్చు. అందుకే ఒక ల్యాబ్ ఇరవై మూడును ఇంకో ల్యాబ్ పదిహేనుతోని పోల్చి "తగ్గింది" అనుకోవద్దు. నా మాటైతే, అత్త లాంటోళ్లకు ముందు సీఆర్‌పీ చాలు. అది చవక, ట్యూబుల అంత తొందరగ మారదు కూడ.

[దృశ్యం: అత్త ఇంటి అరుగు.]

నెల తర్వాత మళ్లీ ఇచ్చింది. ఈసారి అరగంటకే తిప్పి, సీరం ఐస్ డబ్బాల పంపిండ్రు. తొమ్మిది వచ్చింది. నొప్పి తగ్గి తగ్గిందా, ట్యూబు బాగుండి తగ్గిందా అంటే, రెండు వేర్వేరు రోజుల రక్తాలు, చెప్పలేం. ఇదంత విని అత్త అడిగింది: "గట్లైతే మొదటిదాని పైసలు వాపస్ ఇస్తరా?"