గృహ హింస గురించి ఉద్యోగి చెప్పుకుంటే: హెచ్‌ఆర్ సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలి?

[తెర మీద: ఉద్యోగి ఫైలు. ‘ఎమర్జెన్సీ కాంటాక్ట్: భర్త’ అన్న గడి దగ్గర కెమెరా ఆగుతుంది.]

వాయిస్: ఉద్యోగి రెండు రోజులు రాకపోతే హెచ్‌ఆర్ వాళ్లు మొదట ఫోన్ చేసే నంబర్ ఇదే. ఆమెను కొడుతున్నది ఆయనే అయితే? “మొన్న మాతో చెప్పుకుని ఏడ్చింది, ఇవాళ బాగానే ఉందా అండీ?” అని మంచి మనసుతో అడిగినా చాలు, ఇంటి విషయం బయటపెట్టిందని ఆయనకు తెలిసిపోతుంది.

అందుకే శిక్షణను చట్టాలతో కాదు, ఈ ఫైలుతో మొదలుపెట్టండి. ఉద్యోగి సమాచారం ఎక్కడెక్కడి నుంచి బయటికి పొక్కుతుందో సిబ్బంది చేతే రాయించండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్, ఇంటి అడ్రసుకు వెళ్లే ఉత్తరాలు, భర్త చూసే ఫోన్‌లో మోగే మీటింగ్ రిమైండర్, పే స్లిప్. ఆస్ట్రేలియాలో 2023 నుంచి గృహ హింస ఎదుర్కొంటున్న ఉద్యోగులకు ఏడాదికి 10 రోజుల వేతన సెలవు ఉంది. దాని పేరు పే స్లిప్ మీద కనిపించకూడదని నిబంధన కూడా పెట్టారు. కారణం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

[తెర మీద: తలుపు మూసిన గది, ఎదురెదురుగా ఇద్దరు. పక్కన కాగితం పట్టుకుని మూడో వ్యక్తి.]

వాయిస్: ఇక రోల్ ప్లే. ఒకరు చెప్పుకుంటారు, ఒకరు వింటారు, మూడో మనిషి విన్నవాళ్ల మాటలను ఉన్నదున్నట్టు రాస్తారు. పది నిమిషాలు చాలు. కాగితం చదివితే తప్పులు వాటంతటవే బయటపడతాయి. “ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?”, “ఆయనతో ఒకసారి మమ్మల్ని మాట్లాడమంటారా?”, “ఏదైనా ఆధారం ఉందా?”

ఈ మూడో ప్రశ్న హెచ్‌ఆర్ వాళ్ల నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. ఆఫీసులో వేధింపుల ఫిర్యాదు వస్తే ఇరుపక్షాలనూ విచారించడం వాళ్ల పని కదా. ఇక్కడ మాత్రం విచారణ లేదు, తీర్పూ లేదు. నమ్మి వినాలి, ఆమెకు ఏం కావాలో అడగాలి. “ఎవరికీ చెప్పను” అని మాత్రం మాట ఇవ్వకండి. ఎవరికి, ఎందుకు, ఎంతవరకు చెప్పాల్సి రావచ్చో ముందే చెప్పండి.

తప్పకుండా అడగాల్సినవి రెండు: “ఇవాళ ఇంటికి వెళ్లడం క్షేమమేనా?”, “ఏ నంబరుకు, ఏ టైములో ఫోన్ చేస్తే ఇబ్బంది ఉండదు?”

గొంతు నులిమాడనో, ఆయుధం చూపించాడనో, చంపుతానన్నాడనో ఆమె చెబితే అది మామూలు గొడవ కాదు, ప్రాణాపాయ సూచన. ఇల్లు వదిలి వెళ్లే రోజుల్లో ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కాబట్టి “వెంటనే బయటికి వచ్చేయండి” అన్నది హెచ్‌ఆర్ ఇవ్వాల్సిన సలహా కాదు. ఆమె ఒప్పుకుంటే అక్కడికక్కడే, ఆఫీసు ఫోన్ నుంచి హెల్ప్‌లైన్‌కు కలపండి.

[తెర మీద: రిసెప్షన్ కౌంటర్.]

వాయిస్: ఆఫీసులో చేయగలిగినవి చిన్నవే. ఆమె ఆఫీసు ఫోన్ ఎక్స్‌టెన్షన్ నంబర్ మార్చడం, గుమ్మానికి దూరంగా సీటు, వచ్చిపోయే వేళల్లో మార్పు, వాహనం దాకా ఒకరు తోడు, ఆమె అనుమతితో సెక్యూరిటీకి అతని ఫోటో. జీతం వేరే ఖాతాకు మార్చమంటే మార్చండి, కానీ ఆ సలహా మీరు ఇవ్వకండి. ఈ నెల డబ్బు పడలేదని అతనికి తెలిసే క్షణానికి ఆమె సిద్ధంగా ఉండాలి.

పనిచోట హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒప్పందంతో పాటు 206వ సిఫార్సును ఆమోదించింది. సెలవు, పనివేళల్లో వెసులుబాటు, ఉద్యోగం పోకుండా తాత్కాలిక రక్షణ ఆ సిఫార్సులో ఉన్నాయి. మీ పాలసీ రాసేటప్పుడు దాన్ని ముందు పెట్టుకోండి.

నోట్‌లో తేదీ, ఆమె అన్న మాటలు, మీరు చేసిన ఏర్పాటు రాస్తే చాలు. మీ అభిప్రాయం వద్దు. దాన్ని ఉద్యోగి ఫైలులో కాకుండా విడిగా, తాళం వేసి ఉంచండి. హింసించే వ్యక్తి కూడా అదే సంస్థలో పనిచేస్తుంటే అతని వ్యవహారం వేరే హెచ్‌ఆర్ ఉద్యోగి చూడాలి. బాధితుడు మగవాడైనా పద్ధతి ఇదే.

శిక్షణ అయిన నెలకు బయటి నంబర్ నుంచి మీ రిసెప్షన్‌కే ఫోన్ చేయించండి. “మా ఆవిడ ఇవాళ ఎన్నింటికి బయల్దేరుతుంది?” అని అడిగించండి. టైము చెప్పేశారంటే, ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.