నవ్విన చోటే అరిగిన టేపు: చిన్నప్పటి కామెడీ క్యాసెట్టును బతికించడం ఎలా

[తెరపై: అరచేతిలో నల్ల వీడియో క్యాసెట్టు. లేబుల్ మీద పెన్నుతో రాసిన పేరు సగం చెరిగిపోయింది. కెమెరా దగ్గరికి వెళ్తుంది. కిటికీలోంచి కనిపించే టేపు చుట్ట అంచున తెల్లటి పొడి.]

ఇది సుద్ద పొడి కాదు, బూజు. ఈ క్యాసెట్టు ఇలాగే వీసీఆర్‌లో తోసి ప్లే నొక్కితే కాసేపట్లో టేపు మీది బొమ్మని చదివే హెడ్డు మూసుకుపోతుంది, బొమ్మంతా చీమలు పాకినట్టు అయిపోతుంది. అక్కడితో ఆగదు, ఆ తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకీ బూజు అంటుకుంటుంది. మీరు ముప్పయ్యేళ్ళుగా వెతుకుతున్న సినిమా ఇందులోనే ఉన్నా సరే, "ఉందో లేదో ఒక్కసారి చూసేద్దాం" అని మాత్రం పెట్టకండి. ఈ పనిలో చూడటం ఆఖరున వస్తుంది.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ళ అటకల మీద ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అప్పట్లో అక్కడ టీవీ పెడితే ఒడియా, లేకపోతే హిందీ. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ సినిమాల్లో తెలుగు వంతు ఎప్పుడో గాని వచ్చేది కాదు. వచ్చినా అది అవార్డు సినిమా, అరటితొక్క మీద జారిపడే రకం కాదు. నవ్వుకోవాలంటే ఆంధ్ర సరిహద్దు ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చిన క్యాసెట్టే దిక్కు. ఒకే క్యాసెట్టు సెలవులు అయ్యేదాకా తిరుగుతూనే ఉండేది.

[తెరపై: పాత సెన్సార్ సర్టిఫికెట్ నమూనా బొమ్మ. పేరు, భాష, రీళ్ళు, పొడవు అన్న గళ్ళ మీద వేలు కదులుతుంది.]

ముందు సినిమా ఏదో తేల్చుకోవాలి. పేరు గుర్తులేదని దిగులు పడక్కర్లేదు, గుర్తున్న పేరు చాలాసార్లు తప్పే అవుతుంది. హాస్యనటుల్ని పట్టుకోండి. రమణారెడ్డి 1974లో, రేలంగి 1975లో, రాజబాబు 1983లో పోయారు. సుత్తి జంటకు (వీరభద్రరావు, వేలు) ఆ పేరు వచ్చింది 1982లో జంధ్యాల తీసిన సినిమాతో. సుత్తి వీరభద్రరావు 1988లో కన్నుమూశారు. బ్రహ్మానందం పేరు ఊరూరా వినబడింది 1987 నుంచి. సుత్తి వీరభద్రరావు, బ్రహ్మానందం ఒకే సినిమాలో కనిపించారంటే మీరు వెతకాల్సింది ఏడాది రెండేళ్ళ మేరే. పోయిన తర్వాత విడుదలైనవీ ఉంటాయి కాబట్టి ఒక ఏడాది అటూ ఇటూ వదలండి.

టేపు మొదట్లో సర్టిఫికెట్ మిగిలి ఉంటే ఇంకా మేలు. బోర్డు పేరు చివర సెన్సార్స్ అని ఉంటే అది 1983 జూన్‌కి ముందుది, సర్టిఫికేషన్ అని ఉంటే ఆ తర్వాతది. యూఏ గుర్తు కూడా 1983 నుంచే. మీటర్లలో పొడవు రాసి ఉంటుంది, అది కాగితం మీద రాసి పెట్టుకోండి. చివర్లో దానితో పనుంది.

[తెరపై: మూత గట్టి డబ్బా. అడుగున సిలికా జెల్ పొట్లాలు, పైన క్యాసెట్లు నిలువుగా.]

ఇక బూజు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఈ పని మొదలెట్టకండి. డిసెంబరు, జనవరి మంచి కాలం. మూడు క్యాసెట్లకు 100 గ్రాముల సిలికా జెల్ వేసి, మూత బిగించి వారం రోజులు వదిలేయండి. తడి తగిలితే రంగు మారే రకం కొనండి, రంగు మారగానే కొత్తది వేయాలి. ఎండలో ఆరబెట్టకండి, వేడికి టేపు వంకర తిరుగుతుంది. స్పీకరు పక్కన పెట్టొద్దు, అందులో అయస్కాంతం ఉంటుంది. 2013 ఫైలిన్ తుఫానుకి తడిసి, వాటంతటవే ఆరిన క్యాసెట్ల సంగతి వేరు. అందులో బురద, ఉప్పు పేరుకుని ఉంటాయి, ఇంట్లో కెలక్కుండా టేపుల పని తెలిసినవాళ్ళకు ఇవ్వడమే మంచిది.

ఆరిన బూజు పొడిగా రాలుతుంది కాబట్టి ముక్కుకి ఎన్95 మాస్కు ఉండాల్సిందే. పిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్ళని దూరంగా ఉంచి వరండాలో చేయండి. ఫ్యాను ఆపేయండి.

[తెరపై: క్యాసెట్టు బోర్లించి ఉంది. అయిదు స్క్రూలు. స్క్రూడ్రైవరు ఒక్కోటీ విప్పుతుంది.]

అడుగున అయిదు స్క్రూలు. విప్పాక రెండు పెంకుల్నీ చేత్తో కలిపి పట్టుకునే తిప్పి, అప్పుడు పై పెంకు ఎత్తండి. అలా చేయకపోతే రీళ్ళని ఆపే చిన్న బ్రేకుల స్ప్రింగులు ఎగిరిపడతాయి, వాటిని మంచం కింద వెతుక్కోవాలి. ఎత్తగానే ఫోనుతో ఫొటో తీయండి. టేపు ఏ మేకు ముందునుంచి, ఏ మేకు వెనకనుంచి వెళ్తోందో మళ్ళీ బిగించేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

చుట్ట అంచుల బూజును పొడి మెత్తటి పీచు రాలని గుడ్డతో తుడవండి. పాత పెంకు పారేసి, శుభ్రమైన వేరే క్యాసెట్టు పెంకులోకి రీళ్ళు మార్చండి. ఆ తర్వాత, పోయినా పర్లేదనుకునే ఒక పాత వీసీఆర్‌లో పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి ఒకసారి తిప్పండి. ఒకదానికొకటి అతుక్కున్న పొరలు విడిపోతాయి. ఎక్కడైనా బిర్రుగా లాగుతున్న చప్పుడు వస్తే వెంటనే ఆపండి. 180 నిమిషాల క్యాసెట్టులో సుమారు 258 మీటర్ల టేపు ఉంటుంది, ఒక్క చోట తెగితే చాలు.

తెగిందా, సెల్లోటేపు ముట్టుకోకండి. దాని జిగురు కారి హెడ్డుకి పడుతుంది. 12.7 మిల్లీమీటర్ల వెడల్పు స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది, దాన్ని హెడ్డు తగలని వెనక వైపు అంటించాలి. నలిగిన ముక్క కత్తిరించక తప్పకపోతే లెక్క ఇది: టేపు సెకనుకి 23.39 మిల్లీమీటర్లు నడుస్తుంది, అయిదు సెంటీమీటర్లు పోతే రెండు సెకన్ల సినిమా పోయినట్టు. చెంపదెబ్బ పడటానికి రెండు సెకన్లు చాలు, చూసి కత్తిరించండి.

[తెరపై: మూత తీసిన వీసీఆర్. మెరిసే గుండ్రటి డ్రమ్ము దగ్గరగా. దాని కింది అంచున బియ్యపు నూక కన్నా చిన్న హెడ్డు.]

అసలు ప్లే చేసే వీసీఆర్ వేరేది. కొత్తవి రావు, ఆఖరి తయారీదారు 2016లో ఆపేశాడు. సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి, ప్లగ్గు పీకి, మూత తీయండి. పవర్ సప్లై వైపు వేలు పెట్టకండి, ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన చమోయ్ తోలు పుల్లని డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్ముని పైనుంచి నాలుగైదు చుట్లు తిప్పండి. తిరగాల్సింది డ్రమ్ము, పుల్ల కాదు. పుల్లని పైకీ కిందికీ రాస్తే హెడ్డు విరుగుతుంది. దూది పుల్ల వాడినా అంతే, దూది పోగు హెడ్డుకి చిక్కుకుని లాగేస్తుంది. పది నిమిషాలు ఆరనివ్వండి.

రబ్బరు రోలరు గట్టిపడితే పాట ఊగుతుంది. బెల్టు సాగితే వీసీఆర్ టేపుని నమిలేస్తుంది. అందుకే మొదట పనికిరాని క్యాసెట్టు ఒకటి పది నిమిషాలు ఆడించి చూడాలి. ఏది పనికిరానిదో మాత్రం ఇంట్లో అడిగి తీసుకోండి. పెళ్ళి క్యాసెట్టు పెట్టి నమిలిస్తే ఈ వీడియో బాధ్యత వహించదు.

[తెరపై: ఆగిన బొమ్మ. మనిషి గాల్లో, కాళ్ళు పైకి. బొమ్మ నడుమ తెల్లటి గీతలు వణుకుతున్నాయి.]

ఇప్పుడు ఈ చోటు చూడండి. రెండున్నర గంటల సినిమాలో మిగతాదంతా ఫర్వాలేదు, సరిగ్గా పడే చోటే బొమ్మ చిరిగిపోయింది. టేపు మీద ఎక్కువ అరిగేది ఎక్కువ నవ్విన చోటే. మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పడం ఒక కారణం. అసలు దోషి పాజ్ బటన్. పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది గాని డ్రమ్ము ఆగదు. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ, రెండు హెడ్లతో సెకనుకి యాభై సార్లు ఒకే చోటు గీకుతుంది. కాళ్ళు గాల్లో ఉండగా ఆపి ఇల్లంతా పిలిచి చూపించిన ప్రతిసారీ అయస్కాంతపు పొడి కొంచెం రాలిపోయింది.

అరిగిందాన్ని తిరిగి తేలేం. కానీ ఆ రెండు నిమిషాల్నీ మూడుసార్లు విడిగా రికార్డు చేయవచ్చు. టేపు మీద హెడ్డు సరిగ్గా పడేలా వీసీఆర్ తనంతట తాను సర్దుకునే ఆటో ట్రాకింగ్ ఆపి, ట్రాకింగ్‌ని చేత్తో ఒకసారి కొంచెం ఇటు, ఒకసారి కొంచెం అటు జరపండి. గీతలు ఒక్కోసారి ఒక్కో చోట పడతాయి, బాగున్న ముక్కలు ఏరి అతకవచ్చు. ఈ పనికి పాజ్ మాత్రం నొక్కకండి.

[తెరపై: పసుపు, తెలుపు వైర్లు. యూఎస్‌బీ క్యాప్చర్ పుల్ల. కంప్యూటర్ తెర మీద సెట్టింగులు.]

వీసీఆర్ నుంచి వైర్లు క్యాప్చర్ పుల్లకి, ఆ పుల్ల కంప్యూటర్‌కి. పసుపు వైరు బొమ్మకి, తెలుపు శబ్దానికి. పాత వీసీఆర్‌లో ఎర్ర రంధ్రం లేకపోతే అది మోనో, కంగారు లేదు. సెట్టింగు పాల్ (మన దేశపు పాత టీవీ పద్ధతి), 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, శబ్దం 48 కిలోహెర్ట్‌జ్. అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ మీద వదిలేస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, లేదా పైకి దొర్లుతూ ఉంటుంది. వర్చువల్‌డబ్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులో, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ పెడితే గంటకి దాదాపు 30 జీబీ పడుతుంది, 100 జీబీ ఖాళీ ఉంచుకోండి. పెన్‌డ్రైవ్ మీదికి రికార్డు చేయొద్దు, అది అందుకోలేదు. సగం నుంచి మాటలకీ పెదాలకీ పొంతన లేకపోతే చెడిన చోట ఫ్రేములు జారిపోయాయని అర్థం. మధ్యలో పాత డీవీడీ రికార్డరు పెట్టి దానిగుండా పంపితే కొన్నిట్లో సిగ్నల్ కుదుటపడుతుంది.

అడుగున నాలుగు గీతలు ఊగుతుంటే భయపడకండి, హెడ్డు మారే చోటది, అన్ని క్యాసెట్లలోనూ ఉంటుంది. ఇంటర్‌లేస్ గురించి, అంటే ఒక్కో ఫ్రేమునీ గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి చూపించడం గురించి, ఒక్క మాట: పెళ్ళి వీడియోని 50 ఫ్రేములకు మార్చాలి, సినిమాని మార్చక్కర్లేదు. సినిమాలో రెండు సగాలూ ఒకే ఫిల్ము ఫ్రేము నుంచి వచ్చినవి, 25 చాలు.

వెడల్పాటి సినిమాస్కోప్ బొమ్మని టీవీ చదరానికి కోసిన క్యాసెట్టయితే వెడల్పులో నూటికి 43 వంతులు పోయినట్టే. కొట్టేవాడు కనిపిస్తాడు, తినేవాడు కనిపించడు. అది ఎక్కడా తిరిగి రాదు. కోయకుండా నొక్కేసి, మనుషులు వెదురు గడల్లా కనిపిస్తే మాత్రం అదృష్టం, అడ్డంగా సాగదీస్తే సరిపోతుంది.

[తెరపై: కాగితం మీద పెన్నుతో లెక్క. 3840 ÷ 27.43 = 140.]

మొదట రాసి పెట్టుకున్న పొడవు ఇప్పుడు తీయండి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.43 మీటర్లు నడుస్తుంది. 3840 మీటర్లంటే 140 నిమిషాలు. క్యాసెట్టులో మాత్రం 134 నిమిషాలే ఉంటుంది. కోశారనుకోకండి. 24 ఫ్రేముల సినిమాని పాల్ టీవీకి 25 చేసి ఎక్కిస్తారు, నూటికి నాలుగు వంతుల వేగం పెరుగుతుంది, గొంతులూ ఆ మేరకు సన్నబడతాయి. ఎడిటింగులో వేగం 96 శాతానికి, శబ్దంతో సహా, తగ్గించండి. మీకు గుర్తున్న కీచుగొంతు కొంచెం బరువెక్కుతుంది, అది అతని అసలు గొంతు.

134కి బదులు 120 వస్తే అప్పుడు కోశారు. పాటలతో మొదలెట్టి వెతకండి, క్యాసెట్టు వాళ్ళ కత్తెర ముందు పడేది వాటి మీదే.