ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోంది?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, చేతి డబ్బులు పెట్టుకుని ఈ ఫిల్మ్ క్లబ్బు నడుపుతున్న మిత్రులకు, ఇంత వానలోనూ వచ్చి రెండుంబావు గంటల సినిమా కదలకుండా చూసిన మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు. కుర్చీలు చాలక గోడవారన నిలబడి చూసిన పిల్లలకు మరీ మరీ.

నాకిచ్చిన అంశం 'సినిమాలో గ్రాఫిక్స్: నిన్న, నేడు, రేపు'. రాసుకునే వచ్చాను, కాగితాలు ఇవిగో. కానీ ఇప్పుడే మీతో కలిసి 'వెలేరియన్ అండ్ ద సిటీ ఆఫ్ ఎ థౌజండ్ ప్లానెట్స్' అనే అంతరిక్ష సినిమా చూశాక ఇవి చదవబుద్ధి కావడం లేదు. నిర్వాహకులు మన్నించాలి. ఈ సినిమా గురించే మాట్లాడతాను.

లైట్లు వేయగానే నా వెనక వరసలో ఒక అబ్బాయి అన్నాడు, "బొమ్మ అదిరింది, కథే లేదు" అని. ఈ మాట ఈ సినిమా వచ్చిన 2017 నుంచీ వింటున్నాను. తప్పని అనను. కానీ అంత తేలిగ్గా ఒక్క మాటతో వదిలేసి ఇంటికి వెళ్ళిపోలేను. ఆ గ్రాఫిక్స్ బొమ్మ చేసే పనివాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ సినిమాకి చేయలేదు, ఇలాంటివాటికి చేశాను. హైదరాబాదులో ఏళ్ళ తరబడి చీకటి గదిలో కూర్చుని చేశాను.

మొదటి నాలుగు నిమిషాలు గుర్తు తెచ్చుకోండి. 1975 జులైలో అమెరికా వాళ్ళ అపోలో, రష్యా వాళ్ళ సోయజ్ అంతరిక్షంలో కలిశాయి. రెండు నౌకల మధ్య తలుపు తెరుచుకుంది, ఇటు స్టాఫర్డ్, అటు లియనోవ్ చేతులు కలిపారు. నిజంగా జరిగింది అది. సినిమా అక్కడ మొదలవుతుంది. డేవిడ్ బోవీ పాట నడుస్తూ ఉంటుంది. తర్వాత ఒక దేశం వాళ్ళు, ఇంకో దేశం వాళ్ళు, అదే తలుపు, అదే కరచాలనం. అంతరిక్ష స్టేషను పెరుగుతూ పోతుంది. ఒకరోజు తలుపు తెరిస్తే అటువైపు మనిషి కాదు. కెప్టెన్ ఒక్క క్షణం ఆగుతాడు, చెయ్యి చాస్తాడు. ఆ తర్వాత ఎన్ని జాతులు, ఎన్ని రకాల చేతులు! ఒక చేతికి జిగురు, ఒక చేతికి ఇనుము. డైలాగు అన్నదే లేదు. 'ఎదుటివాడు ఎవడైనా సరే, ముందు చెయ్యి చాచు' అన్న మాట మనకు ఎవరూ చెప్పకుండానే అందింది. నాకు గొంతు పట్టేసింది, దాచుకోను.

ఆ వెంటనే మ్యూల్ గ్రహం. సముద్రపు ఒడ్డున పొడుగాటి మనుషులు. రాకుమారి నిద్రలేచి ముత్యాలతో మొహం కడుక్కుంటుంది. వాళ్ళ భాష మనకు ఒక్క ముక్క తెలీదు. ఎక్కడో మనుషులు చేస్తున్న యుద్ధంలో కూలిన ఓడలు వాళ్ళ ఆకాశంలోంచి రాలి పడతాయి. తల్లీ తండ్రీ లోపల, పిల్ల బయట. మధ్యలో తలుపు మూసుకుపోయింది. అద్దానికి ఇటు చేతులు, అటు చేతులు. ఇందాక ఆ సీను నడుస్తున్నప్పుడు నేను తెర చూడలేదు, మిమ్మల్ని చూశాను. మూడో వరసలో ఒక అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రాకుమారి వంట్లో ఒక్క కండరం కూడా కెమెరా తీసింది కాదు. న్యూజిలాండులో వీటా వాళ్ళు నటుల కదలికలు పట్టుకుని కంప్యూటర్లో కట్టినదే అదంతా. అయినా ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోందని ఈ హాల్లో ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఈ ప్రశ్న నా ప్రాణానికి ఎందుకు చుట్టుకుందో చెప్పాలి. దీనికి కొంచెం పక్కకి వెళ్ళాలి, ఓపిక పట్టండి.

నేను రోటో పనితో మొదలయ్యాను. తెలియనివాళ్ళ కోసం: గ్రీన్ మ్యాట్ ముందు తీసిన మనిషిని వెనకున్న పచ్చ తెర నుంచి వేరు చేసేటప్పుడు మిషను సరిగ్గా కొయ్యలేని చోటల్లా మేం చేత్తో గీత గీస్తాం. ఒక సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. ప్రతి ఫ్రేములోనూ గీత కదలాలి. అన్నిటికన్నా కష్టం జుట్టు. గాలికి ఎగిరే జుట్టయితే ఇక చెప్పనక్కర్లేదు.

ఒకసారి నాకు ఆరు సెకన్ల షాటు వచ్చింది. 144 ఫ్రేములు. సైన్స్ ఫిక్షన్ సినిమానే. పేరు వద్దు, కంపెనీ పేరూ వద్దు. ఒక పిల్ల ఎత్తైన చోట నిలబడి ఉంది, జుట్టు ఎగురుతోంది, ఏడుస్తోంది. మూడు వారాలు ఆ పిల్ల మొహమే చూశాను. ఎడమ కణత దగ్గర నాలుగు వెంట్రుకలు విడిపోయి కంటిరెప్ప మీదకు వచ్చి పోతుంటాయి. ఆ నాలుగింటికే నాలుగు రోజులు పట్టింది. కన్నీటి చుక్క చెంప దాటి గడ్డం దగ్గర ఏ ఫ్రేములో ఆగుతుందో నాకు తెలుసు. మా దగ్గరికి షాటు ఒక నంబరుతో వస్తుంది. ముందేం జరిగింది, తర్వాతేం జరుగుతుంది, ఏదీ రాదు.

సినిమా విడుదలైంది. గుడివాడ వెళ్ళి అమ్మను తీసుకెళ్ళాను. నా కొడుకు చేసిన సినిమా అని పక్కింటి పిన్నిగారికి కూడా చెప్పి పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ షాటు వచ్చింది. అమ్మ చెయ్యి నొక్కి, "ఇదే, ఇదే నేను చేసింది" అన్నాను. అమ్మ కళ్ళార్పకుండా చూసి అడిగింది: "ఎవర్రా ఆ పిల్ల? ఎందుకు ఏడుస్తోంది?"

"తెలీదమ్మా."

"మూడు వారాలు చేశానన్నావు కదరా?"

"జుట్టు చేశానమ్మా."

సరే, ఇంటర్వెల్ తర్వాత తెలుస్తుందిలే అనుకున్నాను. సినిమా అయిపోయింది. తెలియలేదు. షూటింగయ్యాక కథ మార్చారని, ఆ పిల్లకు సంబంధించిన సీన్లన్నీ లేపేశారని తర్వాత ఎవరో చెప్పారు. షాటు అందంగా వచ్చింది కదా అని ఉంచేశారట. రిక్షాలో వస్తూ అమ్మ ఇంకేం అనలేదు. బాగుందిరా అని కూడా అనలేదు. మా అమ్మకు అబద్ధమాడటం రాదు.

అయ్యా, ఆ రోజు నుంచి ఏ సినిమా చూసినా నేను వెతికేది ఆ ఒక్క ప్రశ్నకు జవాబే.

ఇప్పుడు వెలేరియన్ దగ్గరికి రండి. మ్యూల్ ఎలా నాశనమైందో మనం మొదటి పావుగంటలోనే కళ్ళారా చూసేశాం. హీరోకి తెలీదు. అతనికి తెలియడానికి రెండు గంటలు. అంతసేపూ మనం అతని కంటే ముందున్నాం! ఎడారిలో బిగ్ మార్కెట్ ఉంది చూశారూ, కళ్ళకు అద్దాలు పెట్టుకుంటే కనిపించే బజారు, తీస్తే ఉత్త ఇసక. ఒళ్ళు ఈ లోకంలో, చెయ్యి ఆ లోకంలో ఇరుక్కుపోయి హీరో పరిగెడతాడు. ఎంత గొప్ప ఊహ! కానీ ఆ చెయ్యి పోతే అతనికి పోయేదేమిటో మనకు తెలీదు. అతనెవరు, ఎక్కడివాడు, అతని జోడీ లోరెలిన్‌కి అతనంటే ఎందుకిష్టం? మొదటి సీనులోనే పెళ్ళి చేసుకుందామంటాడు, చివరిదాకా అదే అంటాడు. రిహానా వేసిన బబుల్ పాత్ర అయితే నాట్యం చేసి, సాయం చేసి, బూడిదై రాలిపోతుంది. ఆమె కోసం ఎవరూ రెండు నిమిషాలు కూర్చోరు. చివర్లో మ్యూల్ రాజు నిలబడి జరిగిందంతా చెబుతాడు, ఆపైన ఆ నాశనానికి కారణమైన కమాండరు తానెందుకు అలా చేశాడో చెబుతాడు. మనం చూసినదాన్నే మనకు మళ్ళీ విప్పి చెబుతున్నారు. తమ బొమ్మ మీద తమకే నమ్మకం లేనట్టు!

2,700కు పైగా గ్రాఫిక్స్ షాట్లండీ. ఫ్రాన్సులో అంతకుముందు ఎవరూ ఒక సినిమాకి అంత డబ్బు పెట్టలేదు. సుమారు 18 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి వచ్చిన వసూళ్ళు 22 కోట్ల చిల్లర. థియేటర్ల వాటా, ప్రచార ఖర్చు తీసేస్తే నష్టమే. కానీ నా బాధ డబ్బు గురించి కాదు. ఆ షాట్లలో ఒక్కోదాని వెనక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో నాకు తెలుసు.

దర్శకుడు లూక్ బెస్సన్‌కి ప్రేమ లేదా? ఉంది. చిన్నప్పుడు చదివిన కామిక్ ఇది. అవతార్ చూశాక రాసుకున్న స్క్రిప్టు చెత్తబుట్టలో పడేసి మళ్ళీ రాశానని ఆయనే చెప్పాడు. ఆ చెత్తబుట్టలో ఏముండేదో అని నాకు ఇప్పటికీ మనసు లాగుతుంది. కొత్తగా రాసినదాంట్లో బొమ్మ అవతార్‌ను అందుకుంది, మనుషులు వెనకబడ్డారు.

ఆ కామిక్ 1967లో 'పిలోట్' పత్రికలో మొదలైంది. పియర్ క్రిస్తాఁ రాశాడు, జాఁ-క్లోద్ మెజియేర్ గీశాడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఒకరు రాస్తే ఒకరు గీయడం, ఒకరినొకరు అడగడం, అలా దశాబ్దాలు నడిచింది. ఈ సినిమాకి ఆధారమైన పుస్తకంలో వెలేరియన్‌ను ఎత్తుకుపోతారు. వెతుక్కుంటూ అంతరిక్షంలోని మహానగరమంతా తిరిగేది లోరెలిన్. చదివేవాడికి ప్రతి పేజీలోనూ తెలుసు, ఆమె ఎవరికోసం తిరుగుతోందో. 2007లో ఆ కామిక్స్ పేరునే 'వెలేరియన్ అండ్ లోరెలిన్' అని మార్చారు. సినిమా పేరులోంచి ఆ అమ్మాయిని తీసేశారు. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

మన సంగతి కూడా ఒక్క మాట. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు 'ఆదిత్య 369' తీశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ మన చేతికి అందని రోజులు. ఆ టైమ్ మెషీన్‌ను ఈరోజు చూస్తే లైట్లు పెట్టిన సెట్టింగే. అయినా దొంగిలించిన వజ్రం, దాన్ని చూసేసిన పిల్లాడు, ఎక్కకూడని మెషీన్ ఎక్కినవాళ్ళు, వీళ్ళని పట్టుకుని రాయలవారి కాలానికి వెళ్ళి వచ్చాం. ఎందుకెళ్ళామని మా అమ్మ నన్ను అడగలేదు.

ఈ హాల్లో షార్ట్ ఫిల్మ్ తీస్తున్న పిల్లలు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. బాబూ, అమ్మా, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. రేపు మీరు పెద్ద సినిమా తీస్తారు. మీ షాటు ఎక్కడో ఒక చీకటి గదిలో నాలాంటివాడి దగ్గరికి వెళుతుంది. నంబరుతో పాటు ఒక్క వాక్యం రాసి పంపండి, ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోందో. రాయబోతే మీకే తట్టకపోతే, షూటింగు ఆపండి. ఆపి, రాసేవాణ్ణి పిలవండి. మాకు తెలిస్తే ఆ నాలుగు వెంట్రుకలు వేరేగా గీస్తాం. నిజంగా గీస్తాం.

టైమయిందని సెక్రటరీ గారు చీటీ పంపారు. ఇంకొక్క కోరిక. ప్రొజెక్టరు దగ్గరున్న తమ్ముడూ, ఆ మొదటి నాలుగు నిమిషాలు ఇంకోసారి వెయ్యి నాన్నా. లైట్లు తీసేయండి. నేనూ కిందకు వచ్చి కూర్చుంటాను.