మందుల డబ్బుకు లస్కరు: జెనీవాలో ఇంటర్న్ పని ఏమిటి?

నమస్తే. మొన్న ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "అన్నా, హైదరాబాద్‌లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నా. గ్లోబల్ ఫండ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా. నేను సీఏని కాదు, పోలీసునీ కాదు. నాకక్కడ ఏం పని ఉంటుంది?" అని.

చెల్లీ, నేను అక్కడ పని చేయలేదు. కానీ గ్లోబల్ ఫండ్ ఇచ్చిన డబ్బు ఖర్చును ఆడిట్ చేసి, మోసాల్ని దర్యాప్తు చేసే ఆ ఆఫీసు తన రిపోర్టుల్ని దాచుకోదు, అందరికీ కనపడేలా వెబ్‌సైట్లో పెట్టేస్తుంది. కొన్నేళ్లుగా అవి చదవడం నాకో పిచ్చి. ఆ పిచ్చితోనే చెబుతున్నా.

గ్లోబల్ ఫండ్ 2002లో జెనీవాలో మొదలైంది. ఎయిడ్స్, టీబీ, మలేరియా, ఈ మూడింటి కోసం ప్రభుత్వాల దగ్గర, దాతల దగ్గర డబ్బు పోగుచేసి దేశాలకు గ్రాంటుగా ఇస్తుంది. ఆ దేశాల్లో దానికి సొంత ఆఫీసులు ఉండవు. డబ్బు ముందు ప్రిన్సిపల్ రెసిపియెంట్‌కి వెళ్తుంది. అది ఆరోగ్య శాఖ కావచ్చు, ఎన్జీవో కావచ్చు, ఐక్యరాజ్యసమితి సంస్థ కావచ్చు. దాని కింద సబ్ రెసిపియెంట్లు, వాళ్ల కింద జిల్లాలు. మన కాలువల లెక్కే అనుకోండి. హెడ్ రెగ్యులేటర్ దగ్గర వదిలిన నీళ్లు టెయిలెండ్ పొలానికి ఎన్ని చేరాయో తెలియాలంటే గట్టు వెంట నడిచే లస్కరు ఒకడుండాలి. అందుకే ప్రతి దేశంలో లోకల్ ఫండ్ ఏజెంట్ పేరుతో, ఎక్కువగా ఏదో ఒక ఆడిట్ సంస్థను పెట్టుకుంటారు. దానికి తోడు 2005లో ఈ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు వచ్చింది. ఇది గ్లోబల్ ఫండ్‌ను నడిపే అధికారులకు కాదు, నేరుగా బోర్డుకే జవాబు చెబుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకో, ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

ఇక పని. ఇంటర్న్‌ని దొంగల వెంట పరిగెత్తించరు. ముందు పెట్టేది కాగితాలే. మాలి దేశం సంగతే చూడు. 2010లో టీబీ, మలేరియా గ్రాంటుల్లో దాదాపు 40 లక్షల డాలర్లు పక్కదారి పట్టాయని తేల్చారు. ఎలా? ట్రైనింగుల పేరుతో. ట్రైనింగ్ అంటే ఏముంటుంది? హాజరు పట్టీ, రోజు భత్యం (డీఏ) రసీదు, లాడ్జి బిల్లు, బస్సు టికెట్లు. ఆ సంతకాలే ఫోర్జరీ. మందుల్ని మాయం చేయాలంటే గోడౌను ఖాళీ చేయాలి, ట్రైనింగ్‌కి పెన్ను ఉంటే చాలు! ఆ డిసెంబరులో అక్కడి ఆరోగ్య మంత్రి రాజీనామా చేశాడు.

దొంగ సంతకం ఎలా దొరుకుతుందంటే, నాకు తెలిసినది చెబుతా. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఉపాధి హామీ సోషల్ ఆడిట్లో తిరిగాను. ఒక ఊళ్లో మస్టర్, అంటే పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ వెళ్తున్నాం. ఒక పెద్దావిడ పేరు చదివి, పన్నెండు రోజులు పనికెళ్లావా అమ్మా అని అడిగా. "ఎన్ని రోజులో గుర్తులేదు నాయనా, ఏదీ చూపించు" అంది. చూపించా. నీలం రంగు వేలిముద్ర. ఆవిడ దాన్ని కాసేపు చూసి, "ఇది నాది కాదు. నేను రాత్రిబడిలో నేర్చుకున్నా, సంతకమే పెడతా" అని నా చేతిలో పెన్ను లాక్కుని, అదే కాగితం వెనక వంకర టింకరగా పేరు రాసి చూపించింది. అంతే. జెనీవాలో అయినా పని ఇదే. తేడా ఏమిటంటే అక్కడ ఆ పెద్దావిడ నీకు ఐదు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, నీ దగ్గర స్కాన్ కాపీ ఒక్కటే ఉంటుంది.

అన్ని కేసులూ ఇంత తేలిగ్గా తేలవు. కంబోడియాది చూడు. దోమతెరల కొనుగోలులో రెండు అంతర్జాతీయ కంపెనీలు 2006 నుంచి 2011 మధ్య అక్కడి అధికారులకు దాదాపు 4 లక్షల 10 వేల డాలర్లు "కమీషన్" ముట్టజెప్పాయని 2013లో రిపోర్టు వచ్చింది. హాజరు పట్టీ చూస్తే ఇది దొరకదు. ఆర్డర్ ఎవరు ఇచ్చారు, ఆ తర్వాత ఎవరి ఖాతాలో ఏం పడింది, ఈమెయిల్లో ఎవరికి ఎవరు ఏమన్నారు, అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మా ఊళ్ల ఆడిట్ అయ్యాక గొడవ జరిగింది, ఆ పెద్దావిడ ఊళ్లో పనులు ఆపేశారు. రెండు నెలల తర్వాత అటు వెళ్తే ఆవిడ ఎదురుపడి, "దొంగని పట్టుకున్నారు సరే, మా పనులేవీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

గ్లోబల్ ఫండ్‌కీ 2011లో ఇదే జరిగింది. జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తా సంస్థ వార్త రాసింది, మోసాలు, మోసాలు అని. అందులోని లెక్కలు వాళ్లేమీ రహస్యంగా తవ్వి తీయలేదు, ఈ ఆఫీసు బయటపెట్టినవే. అప్పటికి తేలిన నష్టం 3 కోట్ల 40 లక్షల డాలర్లు. అప్పటిదాకా పంచిన మొత్తం సుమారు 1,300 కోట్ల డాలర్లు. వందకి పావలా, ముప్పై పైసల లెక్క. అప్పటికి తనిఖీ చేసింది కొన్ని గ్రాంటులే అన్నదీ నిజమే, అది దాచను. కానీ జర్మనీ, స్వీడన్ డబ్బు ఆపాయి. ఆ నవంబరులో పదకొండో రౌండ్ కొత్త గ్రాంటుల్నే రద్దు చేశారు. ప్రపంచమంతా మాంద్యం కూడా ఉంది, తప్పంతా ఆ వార్తదే అనను. అయినా ఒకటి ఆలోచించు. దొంగతనాన్ని లెక్కకట్టి ఊరందరి ముందూ చదివిన ఇల్లు దొంగల కొంపలా కనపడింది. లెక్క చూడని ఇళ్లు పెద్దమనుషుల్లా కూర్చున్నాయి!

అందుకే రిపోర్టులో వాక్యం ఎలా రాస్తావన్నది ఆ ఆఫీసులో పెద్ద విద్య. "మోసం జరిగింది", "ఖర్చుకు ఆధారాలు లేవు", ఈ రెండూ ఒకటి కావు. బిల్లు పోయినా ఆధారం ఉండదు, డబ్బు తిన్నా ఆధారం ఉండదు. నువ్వు ఎంపీహెచ్ దానివి కాబట్టి సీఏ చూడనిది చూస్తావు. గ్రాంటు ఆగితే ఎవరి మాత్ర ఆగుతుందో నీకు తెలుసు. హెచ్ఐవీ మందు మధ్యలో మానేస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఆఫ్రికాలో వేసుకునే ఆ మాత్రల్లో హైదరాబాద్ కంపెనీల సరుకు ఎంతో ఉంది, అది కూడా గుర్తుంచుకో.

ఇక లౌకిక విషయాలు. ఎక్సెల్ బాగా రావాలి. ఫ్రెంచ్ కాస్త చదవగలిగితే నీ దరఖాస్తు బరువు పెరుగుతుంది, పశ్చిమ ఆఫ్రికా ఫైళ్లు చాలావరకు ఆ భాషలోనే ఉంటాయి. డబ్బు సంగతి మొహమాటపడకుండా అడుగు. జెనీవాలో అద్దెలు మామూలుగా ఉండవు. 2015లో ఐక్యరాజ్యసమితిలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన ఒక న్యూజిలాండ్ కుర్రాడు సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని ఉన్నాడు. పేపర్లలో ఫొటో పడ్డాక మానేశాడు. డబ్ల్యూహెచ్‌వో అయితే 2020లో ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇవ్వడం మొదలుపెట్టింది. నీకు ఎంత ఇస్తారో కాగితం మీద చూసుకున్నాకే టికెట్ కొను.

ఈలోపు మీ జిల్లాలో సోషల్ ఆడిట్ ఎప్పుడుందో కనుక్కుని ఒక ఊరు తిరిగి రా. మస్టర్ జిరాక్స్ తీసుకెళ్లు, పెన్ను రెండు పెట్టుకో.